గుండె సంగతి పిల్లాడు చెప్పేదాకా ఆగొద్దు

మా వాడికి డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే కండరాలు మెల్లమెల్లగా బలహీనపడే జన్యుజబ్బు. నడిచినన్నాళ్లూ మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడా అని కనిపెట్టుకుని ఉండేదాన్ని. వీల్‌చైర్ వచ్చాక ఆ గుర్తు పోయింది. కూర్చునే ఉండే పిల్లాడికి ఆయాసం ఎక్కడ కనిపిస్తుంది? కండరాలు దెబ్బతినకుండా కాపాడే ప్రొటీన్ డిస్ట్రోఫిన్. కాళ్ల కండరాల్లో లేని అది గుండె కండరంలోనూ లేదు. గుండె మెల్లగా దెబ్బతింటున్నా చాలాకాలం బయటపడదు.

బయటపడినా గుండెజబ్బులా ఉండదు. మా వాడు రెండు ముద్దలు తిని కడుపునొప్పి అనేవాడు. అరగలేదేమో అనుకుని ఆరు వారాలు పోగొట్టాను. కడుపునొప్పి, వాంతులు, బరువు తగ్గడం, నిద్రపట్టకపోవడం, రోజూ చేసే పనులకే అలసిపోవడం: వీటిలో ఏది కొత్తగా వచ్చినా గుండె డాక్టర్‌కీ చెప్పండి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంట్లో మన చేతిలో ఉన్నది నాడి చూడటం. పొద్దున వాడు లేవకముందే పక్కన కూర్చుని, మణికట్టు మీద బొటనవేలి వైపు నా రెండు వేళ్లు ఆనిస్తాను. మన బొటనవేలితో చూడకూడదు, మన నాడే మనకు తగులుతుంది. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే మధ్యలో తప్పిన దెబ్బ దొరక్కపోవచ్చు. తేదీ, అంకె, తడబాటు ఉందా లేదా నోట్‌బుక్‌లో రాస్తాను. ఈ పిల్లలకు గుండె బాగున్నప్పుడు కూడా నాడి వేగంగా ఉండొచ్చు కాబట్టి ఒక్కరోజు అంకెకే టెన్షన్ పడను. వాడి మామూలు అంకె రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం ఫోన్ చేస్తాను.

అయితే నాడి బాగుందని టెస్టులు మానొద్దు. జబ్బు తేలినప్పుడే ఈసీజీ, ఎకో చేయించాలి. ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేకపోయినా కనీసం ఏడాదికోసారి. రిపోర్టులో 'నార్మల్' అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఎంతో అడిగి, పోయినసారి అంకె పక్కన రాసుకోండి. గుండె ఒక్కో దెబ్బకి ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెడుతోందో చెప్పే అంకె అది. 55 కంటే తగ్గితే డాక్టర్లు తక్కువగానే లెక్కవేస్తారు.

కుదిరితే గుండె ఎంఆర్ఐ అడగండి. మత్తు లేకుండా కదలక పడుకోగలిగితే, సుమారు 6, 7 ఏళ్ల నుంచే చేయొచ్చు. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీస్తే, ఎకోలో బాగున్న గుండెలో కూడా మచ్చలు కనిపించవచ్చు. మా వాడికి ముందు వారమంతా మిషన్ చప్పుడు ఫోన్‌లో వినిపించి, ఊపిరి బిగపట్టే ఆట ఆడించాను.

గుండె బాగుంటే మందెందుకు అని నేనూ వాదించాను. కానీ గుండె పనితీరు తగ్గకముందే, 10 ఏళ్లలోపే ఏసీఈ ఇన్‌హిబిటర్ (రక్తనాళాలను సడలించి గుండె మీద భారం తగ్గించే మందు) మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మోతాదు డాక్టరే చూసుకోవాలి.

ఇలాంటిదే, కాస్త తేలికైన బెకర్ రకం డిస్ట్రఫీలో కాళ్లు బాగా నడుస్తున్నా గుండె పాడవొచ్చు, నడకను చూసి ధైర్యపడొద్దు.

క్యారియర్లయిన, అంటే ఈ జబ్బు జన్యువును మోసే తల్లుల గుండె కూడా బలహీనపడొచ్చు. నేను క్యారియర్‌ని. ఈసారి వాడితోపాటు నేనూ ఎకో చేయించుకున్నాను.