వీడియోలకు బొమ్మలు ఎందుకు రావడం లేదంటే

చెల్లి పెళ్లి వీడియోలు 212 ముక్కలు. కెమెరా పెట్టిన పేర్లు సి0041, సి0042... అమ్మేమో పక్కన కూర్చుని "ఆ అప్పగింతలది పెట్టరా" అంటుంది. నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తెరిస్తే ఫొటోలన్నీ చిన్న బొమ్మలుగా కనిపిస్తున్నాయి, వీడియోలకు మాత్రం ఒకటే బూడిదరంగు ఫిల్ము గుర్తు. ఒక్కోటీ తెరిచి చూస్తే జీలకర్ర బెల్లం, భోజనాలు, మళ్లీ భోజనాలు.

మొదట ఫైల్స్ (ఫోల్డర్లు తెరిచి చూపే ప్రోగ్రాము, అంటే ఫైల్ మేనేజర్) ప్రిఫరెన్సెస్ చూశాను. థంబ్‌నెయిల్స్, అంటే ఆ చిన్న బొమ్మలు, ఆన్‌లోనే ఉన్నాయి. అసలు సంగతేమిటంటే, వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి బొమ్మ చేసే పని ఫైల్ మేనేజర్‌ది కాదు, వేరే ప్రోగ్రాముది. అది నా దగ్గర లేదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌థంబ్‌నెయిలర్ అనే ప్యాకేజీ వేశాను.

అయినా ఏం మారలేదు! అరగంట తిట్టుకున్నాక, ఊరికే ఒక వీడియోకి కాపీ తీశాను. కాపీకి బొమ్మ వచ్చింది, అసలుదానికి రాలేదు. అక్కడ దొరికింది దొంగ. ఒకసారి బొమ్మ తీయడం కుదరకపోతే సిస్టమ్ ఆ సంగతి రాసిపెట్టుకుంటుంది, ఫైలు మారితే తప్ప మళ్లీ ప్రయత్నించదు.

హోమ్ ఫోల్డర్లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాగిన ఫోల్డర్లు కనిపిస్తాయి. పేరుకు ముందు చుక్క ఉన్న క్యాష్ అనే ఫోల్డర్, అందులో థంబ్‌నెయిల్స్, అందులో ఫెయిల్. ఆ ఫెయిల్ ఫోల్డర్ తీసేశాను. అసలు వీడియోలకు ఏమీ కాదు, భయం లేదు. లాగౌట్ అయి మళ్లీ వచ్చాను.

ఒక్కొక్కటే బొమ్మలు పడ్డాయి. అప్పగింతలు సి0187. అమ్మ అప్పటికే నిద్రపోయింది.