చైన్‌సా గొలుసుకు పదును, సైలెన్సర్‌లో మార్పులు

చిత్తూరు మామిడి తోటల్లో కాపు ముగిశాక కొమ్మలు కోసేటప్పుడు, రంపం పెచ్చులకు బదులు మెత్తని పొడి రాలుస్తుంటే గొలుసు మొద్దుబారినట్లే. ఇంజన్ ఆపి, చేతి తొడుగులు వేసుకొని, గొలుసు పిచ్ (వరుసగా ఉండే మూడు రివెట్ల మధ్య దూరంలో సగం) 0.325 అంగుళాలైతే 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయితో, తయారీదారు సూచించిన కోణంలో (సాధారణంగా 30 డిగ్రీలు), పంటి లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయిని పైకెత్తాలి. పళ్లన్నీ ఒకే పొడవుకు రాకుంటే కోత వంకర పోతుంది. పంటి ముందుండే లోతు మెట్టు (పన్ను ఎంత లోతుగా కోయాలో నిర్ణయించే భాగం), కోత అంచు కన్నా సుమారు 0.65 మి.మీ. దిగువన ఉండాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు, కొందరేమో అతిగా అరగదీసి, రంపం ఎదురుతన్నే ప్రమాదం కొనితెచ్చుకుంటారు.

సైలెన్సర్ రంధ్రం పెద్దదిచేస్తే శక్తి కొంత పెరిగినా, గాలి-పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గుతుంది కనుక కార్బురేటర్‌ను తిరిగి సరిచేయకుంటే ఇంజన్ మరీ వేడెక్కి పిస్టన్ కదలకుండా పట్టేయవచ్చు. పదునైన గొలుసుంటే ఈ మార్పు అనవసరమని నా అభిప్రాయం. చేసినా, వేసవిలో శేషాచలం అంచున ఎండుగడ్డి అంటుకోకుండా, నిప్పురవ్వలను ఆపే జాలీని తీసి పారేయకుండా, మసి తుడిచి తిరిగి బిగించాలి.