పాత డెస్క్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ: క్యాబినెట్ విప్పే ముందు జాగ్రత్తలు

పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన స్టోరేజీ డిస్క్) పెట్టాలంటే అన్నిటికన్నా ముందు బ్యాకప్. ఫొటోలు, ట్యాలీ డేటా బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. క్లోనింగ్‌లో (విండోస్‌తో సహా పాత డిస్క్ మొత్తాన్ని కొత్తదానికి నకలు చేయడం) ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కో తారుమారైతే ఉన్న డేటా మొత్తం చెరిగిపోతుంది. డిస్క్ పేరు, సైజు రెండుసార్లు చదివాకే మొదలుపెట్టండి. యూపీఎస్ తప్పనిసరి. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.

- పాత మదర్‌బోర్డుల్లో సాధారణంగా ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డుకు గుచ్చే చోటు) ఉండదు, 2.5 అంగుళాల సాటా (కేబుల్‌తో కలిపే రకం) ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. పాత రకం సాటా 2 పోర్టులో వేగం సెకనుకు 300 ఎంబీలోపే ఆగినా, హార్డ్‌డిస్క్‌తో పోలిస్తే తేడా చాలా ఉంటుంది.
- సాటా డేటా కేబుల్, 3.5 అంగుళాల బే బ్రాకెట్ (చిన్న ఎస్‌ఎస్‌డీని హార్డ్‌డిస్క్ గూటిలో బిగించే పట్టీ) చాలాసార్లు డబ్బాలో రావు. విడిగా కొనండి. ఎస్‌ఎం‌పీఎస్‌లో (కరెంటు అందించే పెట్టె) ఖాళీ సాటా పవర్ పిన్ ఉందో లేదో కూడా చూడండి.
- బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్‌లు) సాటా మోడ్ ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంటే, విండోస్ కొత్తగా వేసేముందే ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతికి మార్చండి. క్లోన్ చేసేవాళ్లు ఉన్నట్టుండి మార్చకూడదు: ఏహెచ్‌సీఐ డ్రైవర్ సిద్ధంగా లేక విండోస్ ఆగిపోయి నీలి తెర వస్తుంది. ముందు సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా పెట్టి, అప్పుడు మార్చాలి.
- ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. ఒంటిమీది స్టాటిక్ పోవడానికి క్యాబినెట్ ఇనుమును తాకండి.

క్లోన్ అయ్యాక మొదటి బూట్‌కు పాత డిస్క్ కేబుల్ తీసేయండి. రెండు వారాలు సాఫీగా నడిచేదాకా పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయొద్దు.