పూల లోయ ప్రయాణం ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి: తిరుపతి, చిత్తూరు వాళ్లకు

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలోని పూల లోయ మామూలుగా జూన్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా తెరిచి ఉంటుంది. పూలు నిండుగా ఉండేది మాత్రం జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి వరకే. అక్కడ వాన దంచికొట్టేదీ అప్పుడే. ఆ రోజుల్లో మన దగ్గర ఉక్కపోత, ఏ సాయంత్రమో ఒక జల్లు. మన పెద్ద వానలు కార్తీకంలో, అల్పపీడనాలతో వస్తాయి. అందుకే ఇక్కడి ఆకాశం చూసి వేసుకున్న సెలవులు, సర్దుకున్న సంచీ అక్కడ దెబ్బతీస్తాయి. చాలా చిక్కులకు మందు బయలుదేరక ముందే వేయాలి.

దారి మూసేశారు, తిరుగు రైలు తప్పేటట్టుంది

రిషికేశ్ నుంచి, పూల లోయకు దారి మళ్లే గోవింద్‌ఘాట్ దాదాపు 270 కిలోమీటర్లు, వానాకాలంలో పది పన్నెండు గంటలు. సిరోబగడ్ దగ్గర, జోషీమఠ్‌కు ముందు పాగల్ నాలా దగ్గర కొండచరియలు జారడం కొత్తేమీ కాదు. రెండు గంటల్లో తెరవచ్చు, మరునాటికి తెరవచ్చు. రాత్రిళ్లు ఘాట్ రోడ్డు మీద బండ్లను ఆపేస్తారు కాబట్టి మధ్యాహ్నం పోయిన సమయం రాత్రి కలిసిరాదు.

దీనికి ఒకటే మందు: ఖాళీ రోజులు. తిరుపతి నుంచి ఢిల్లీ నిజాముద్దీన్‌కు సంపర్క్ క్రాంతి రైల్లో పోయివచ్చేవాళ్లు 14 రోజులు, డెహ్రాడూన్ దాకా విమానంలో పోయేవాళ్లు 10 రోజులు పెట్టుకోవాలి. అందులో రెండు రోజులకు ఏ పనీ పెట్టకండి. ఒకటి లోయకు ముందు బస చేసే ఊరు ఘాంఘరియాలో, ఒకటి తిరుగు దారిలో. సెలవులు అన్ని లేవంటే, ఘాంఘరియా పైన కొండ మీదున్న సిక్కుల గురుద్వారా హేమకుండ్‌ను వదిలేయండి గానీ ఖాళీ రోజులను కోయకండి. కొండెక్కే రోజున రిషికేశ్ నుంచి తెల్లవారుజామున ఐదుకే బయలుదేరాలి.

ఘాంఘరియా చేరిన రాత్రి తలనొప్పి, వికారం, నిద్ర పట్టదు

తిరుపతి ఎత్తు 160 మీటర్ల చిల్లర, ఘాంఘరియాది 3,050. గాలిలో ప్రాణవాయువు ఒత్తిడి తగ్గినప్పుడు ఒంటికి సర్దుకునే గడువు కావాలి. రోజూ వ్యాయామం చేసే కుర్రాళ్లకు కూడా ఇది వస్తుంది, కండబలంతో సంబంధం లేదు.

దారిలో ఒక రాత్రి జోషీమఠ్‌లో పడుకోండి, అది దాదాపు 1,900 మీటర్లు. ఘాంఘరియా చేరిన మరునాడు ముందు లోయకే పోండి, 4,300 మీటర్లు దాటిన హేమకుండ్ ఆ తర్వాత. చాలామంది దర్శనం ముందు చేసుకుందామని దీన్ని తిరగేస్తారు, తలనొప్పి అక్కడే ముదురుతుంది. ఈ ఎత్తు జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ మాత్రలు డాక్టర్‌ను అడిగే వాడాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తలనొప్పి విశ్రాంతికి తగ్గకపోతే మరునాడు పైకి ఎక్కకూడదు. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు. మనిషి సాయంతో వెంటనే కిందికి దించాలి.

ఎక్కడం బాగానే ఉంది, దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతున్నాయి

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా జీపు పోతుంది. అక్కడి నుంచి ఘాంఘరియా పది కిలోమీటర్ల రాతి బాట. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు మోయాలి, ఎక్కి మాత్రమే అలవాటైన కాళ్లకు అది రాదు.

మనకున్నంత మంచి సాధన చోటు చాలా ఊళ్లకు లేదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు వైపు 2,388. బయలుదేరడానికి ఎనిమిది వారాల ముందు నుంచి వారానికి ఒకసారి ఎక్కండి, కానీ కొండ మీద బస్సెక్కి వచ్చేయకండి. నడిచే దిగండి. అసలు సాధన అదే. మొదట గాలిగోపురం దాకా ఎక్కి దిగినా చాలు, నిటారు భాగం చాలావరకు అక్కడే ఉంది. తర్వాత వీపున ఐదు కిలోల సంచీ చేర్చండి.

ఇందులో ఒక లోటుంది. మెట్లదారిలో చెప్పులు వేసుకోం, కాబట్టి కాళ్లు గట్టిపడతాయి గానీ బూట్లు పాదానికి అలవాటు కావు. వాటిని హార్స్‌లీ హిల్స్‌లోనో, తలకోనలోనో, కనీసం రోజూ పొద్దున ఊళ్లోనో వేసుకుని కనీసం యాభై కిలోమీటర్లు నడవండి.

సగం దారిలో బూటు అడుగు ఊడొచ్చింది

అటక మీద మూడు నాలుగేళ్లు పడున్న బూట్లకు ఇలా అవుతుంది. అడుగున ఉండే పాలీయురేథేన్ నురగ వాడకపోయినా గాలిలోని తేమకే కుళ్లుతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది, వేలితో గట్టిగా నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. అలాంటివి అతికించినా నిలవవు, కొత్తవి కొనాల్సిందే. దారిలో ఊడితే నైలాన్ తాడును ముందు ఒక చుట్టు, నడుమ ఒక చుట్టు బిగించి ఘాంఘరియా చేరండి.

రెయిన్‌కోటు ఉన్నా లోపలంతా తడి

అది చాలావరకు చెమట. గాలి ఆడని ప్లాస్టిక్ కోటు ఎక్కుడులో ఆవిరి పట్టేస్తుంది. చంకల కింద జిప్పులున్నది గానీ, వదులైన పొంచో గానీ మేలు. లోపల కాటన్ బనియన్, జీన్స్ వద్దు, అక్కడ రెండు రోజులైనా ఆరవు. సంచీ మీది కవరును కూడా నమ్మకండి: నీళ్లు వీపు వైపు నుంచి జారి కవరు అడుగునే నిలుస్తాయి. దళసరి పాలిథిన్ సంచీ లోపల పెట్టి, బట్టలు అందులో వేసి, మూతి మెలితిప్పి రబ్బరు బ్యాండు వేయండి. పడుకునే జత ఒకటి విడిగా ఉండాలి, దాన్ని ఎంత తడిసినా బయటికి తీయకూడదు.

లోయకు పోయాం, ఫోటోల్లో ఉన్న పూలు కనిపించలేదు

మూడు కారణాలు. మొదటిది నెల: జూన్‌లో ఇంకా మంచు ఉంటుంది, ఆగస్టు నెలాఖరుకు చాలా మొక్కలు గింజ కడతాయి. రెండోది వేళ: పొద్దెక్కేకొద్దీ మబ్బు లోయలోకి దిగుతుంది. గేటు తెరిచేసరికి, ఉదయం ఏడుకల్లా, అక్కడుండాలి. లోపల రాత్రి బసకు అనుమతి లేదు, సాయంత్రం ఐదులోపు బయటికి రావాలి. అంటే ఆలస్యంగా పోయినవాళ్లకు మిగిలేది మొదటి మైదానమే. మూడోది దూరం: వంతెన దాటి ఎక్కి, లోయ మొదట్లోనే ఫోటోలు తీసుకుని తిరిగేవాళ్లు ఎక్కువ. 1939లో ఇక్కడే చనిపోయిన వృక్షశాస్త్రజ్ఞురాలు జోన్ మార్గరెట్ లెగ్గీ సమాధి దాటి, పుష్పావతి నది ఒడ్డు దాకా పోండి. ఆగుతూ, వంగి చూస్తూ పోవాలి. గులాబీ రంగు బాల్సమ్ మనిషెత్తు పెరిగి దారిని కప్పేస్తుంది గానీ, జెరేనియం, పొటెంటిల్లా వంటివి మోకాలి కిందే ఉంటాయి. ముళ్ల కాడ మీద పూసే నీలి గసగసాల పువ్వును రాళ్ల సందుల్లో వెతకాలి. బ్రహ్మకమలం కోసం లోయలో వెతకొద్దు, అది హేమకుండ్ దారి పైభాగంలో పూస్తుంది. ఏ పువ్వునూ తుంచకండి.

గట్టి వాన పడితే అటవీశాఖ గేటు మూసేస్తుంది. ఘాంఘరియాలో దాచుకున్న ఖాళీ రోజు ఇక్కడ అక్కరకొస్తుంది.

మిగతా చిన్న చిక్కులు

గుర్రాలు ఎదురొస్తే కొండ వైపుకు జరగండి, లోయ వైపు నిలబడితే మూట తగిలి పడిపోతారు. పూల లోయలోకి గుర్రాలను రానివ్వరు, నడవలేని పెద్దవాళ్లకు వీపున బుట్టలో మోసే కూలీలు దొరుకుతారు. సిగ్నల్, కరెంటు రెండూ నమ్మకం లేదు, పవర్ బ్యాంకు తీసుకోండి. ఖర్చుకు సరిపడా నగదు జోషీమఠ్‌లోనే తీసి పెట్టుకోండి. హేమకుండ్‌కు ఆన్‌లైన్ యాత్రా రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గరే చేసుకుని, దాని ప్రింటు, ఆధార్ నకలు ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టండి.