కిమ్ ఇల్ సంగ్ గద్దె ఎలా ఎక్కాడు: చార్టు మీద కొట్టివేతలతో చదివే పద్ధతి

కిమ్ ఇల్ సంగ్ ఉత్తర కొరియాలో అధికారం ఎలా చేజిక్కించుకున్నాడన్న ప్రశ్నకు చాలామంది నోట్సులో రెండే తేదీలుంటాయి. 1945 ఆగస్టులో జపాన్ ఓటమి, 1948 సెప్టెంబర్ 9న కొత్త దేశం. మధ్యలో ‘సోవియట్ అండతో నియంత అయ్యాడు’ అని ఒక్క ముక్క. అది తప్పు కాదు గానీ సగం కథే. 1948లో ఆయన ప్రధాని, అంతే. ఆయనకు ఎదురు నిలబడగలవాళ్లు ఆయన ప్రభుత్వంలోనే పదవుల్లో ఉన్నారు. వాళ్లు ఒక్కొక్కరే ఎప్పుడు, ఎలా పోయారో కంటికి కనబడేలా నోట్సు రాసుకోవాలి.

దానికి ఒక డ్రాయింగ్ చార్టు, స్కేలు, నలుపు, ఎరుపు పెన్నులు, ఒక పెన్సిల్, కొరియా పటం చాలు.

ముందు పటం మీద 38వ అక్షాంశం గీయండి. 1945 ఆగస్టు 10 రాత్రి డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు అమెరికన్ అధికారులు నేషనల్ జియోగ్రాఫిక్ పటం ముందేసుకుని ఆ గీత ఎంచారు: దానికి ఉత్తరాన సోవియట్ సైన్యం, దక్షిణాన అమెరికా సైన్యం. సియోల్ తమ వైపు పడాలన్నదే వాళ్ల ఆలోచన. పటంలో సియోల్‌కు, ప్యాంగ్యాంగ్‌కు సున్నాలు చుట్టి చూడండి. కొరియా కమ్యూనిస్టుల్లో పేరున్న నాయకుడు పాక్ హొన్ యంగ్ కేంద్రం సియోల్. అది అమెరికా చేతికి పోయింది. ప్యాంగ్యాంగ్‌లో పలుకుబడి ఉన్నవాడేమో చో మన్ సిక్ అనే క్రైస్తవ జాతీయవాది. అంటే సోవియట్ సైన్యం దిగిన చోట బలమైన కమ్యూనిస్టు నాయకుడు లేడు. 33 ఏళ్ల కిమ్‌కు దొరికిన సందు అదే. కొరియా కొన్నేళ్లు పెద్ద దేశాల సంరక్షణలో ఉండాలన్న ట్రస్టీషిప్ పథకానికి చో మన్ సిక్ ఒప్పుకోలేదు. 1946 జనవరిలో ఆయన్ను నిర్బంధించారు.

ఇప్పుడు చార్టు మీద నాలుగు నిలువు గడులు గీయండి. మొదటిది దేశంలోనే ఉండి పనిచేసినవాళ్లది, అందులో పాక్ హొన్ యంగ్. రెండోది చైనాలో మావో దగ్గర్నుంచి వచ్చిన యెనాన్ వర్గం: కిమ్ టు బాంగ్, ఛే చాంగ్ ఇక్, ము చోంగ్. మూడోది సోవియట్ యూనియన్‌లో పెరిగి వచ్చిన సోవియట్ కొరియన్లు: హొ కా ఇ, పాక్ చాంగ్ ఓక్. నాలుగోది మంచూరియాలో జపాన్‌తో పోరాడిన గెరిల్లాలు: కిమ్ ఇల్ సంగ్, కిమ్ ఛేక్, ఛే యాంగ్ గాన్. పేర్లు నలుపులో, పూర్తిగా రాయండి. కొరియాలో ఇంటిపేరు ముందొస్తుంది. ‘సంగ్’ అని కుదించి రాస్తే తప్పు. ఉత్త ‘కిమ్’ అన్నా, ఈ చార్టులోనే ముగ్గురున్నారు కాబట్టి వారం తర్వాత మీకే అర్థం కాదు.

కిమ్ ఇల్ సంగ్ పేరు దగ్గర రెండు వరుసలు పెట్టండి. అధికారిక చరిత్ర చెప్పేది పెన్సిల్‌తో: ఆయన సైన్యమే దేశాన్ని విముక్తి చేసింది, కొడుకు పేక్తు పర్వతం మీద పుట్టాడు. పెన్నుతో రాయాల్సింది వేరు. 1940 చివర్లో సోవియట్ గడ్డకు దాటాడు, ఖబరోవ్‌స్క్ దగ్గర సోవియట్ సైన్యపు 88వ బ్రిగేడ్‌లో కెప్టెన్‌గా ఉన్నాడు, యుద్ధం ముగిశాక 1945 సెప్టెంబర్ 19న వొన్సాన్ రేవులో ఓడ దిగాడు. అక్టోబర్ 14న ప్యాంగ్యాంగ్ సభలో జనానికి పరిచయం చేశారు. ఆ సభ ఫొటో దొరికితే దగ్గరగా చూడండి. అసలు దాంట్లో వెనక సోవియట్ అధికారులు నిలబడి ఉంటారు, ఆయన ఛాతీ మీద సోవియట్ పతకం ఉంటుంది. తర్వాత అచ్చేసిన ప్రతుల్లో అధికారులూ లేరు, పతకమూ లేదు. ఏ ప్రతి చూస్తున్నారో తెలియకుండా ఫొటోను సాక్ష్యంగా వాడొద్దు.

భూసంస్కరణను చార్టు కింద విడిగా రాయండి. జనంలో మద్దతు దాంతోనే వచ్చింది. 1946 మార్చి 5 చట్టం ప్రకారం 5 జొంగ్‌బోకు మించి ఉన్న భూస్వాముల భూమిని పరిహారం లేకుండా తీసుకుని రైతులకు ఊరికే పంచారు. జొంగ్‌బో అంటే దాదాపు హెక్టారు, కాబట్టి 5 అంటే మన లెక్కలో 12 ఎకరాల పైచిలుకు. భూమి పొందిన కుటుంబాలు 7 లక్షలు దాటాయి. అమ్ముకునే, కౌలుకిచ్చే హక్కు మాత్రం ఇవ్వలేదు. నోట్సుల్లో జారిపోయే ముక్క ఇదే.

ఇక ఎరుపు పెన్ను. పేరు కొట్టేసి పక్కన ఏడాది, కారణం వేయండి. ము చోంగ్: 1950 డిసెంబర్, కొరియా యుద్ధంలో వైఫల్యాలు ఆయన నెత్తిన రుద్దారు. హొ కా ఇ: 1953 జులై, ఆత్మహత్య అన్నారు. పాక్ హొన్ యంగ్: 1953లో అరెస్టు, 1955 డిసెంబర్‌లో అమెరికా గూఢచారి అంటూ మరణశిక్ష.

1956కు పెద్ద గడి వదలండి. స్టాలిన్ వ్యక్తిపూజను సోవియట్ నేత క్రుశ్చేవ్ ఎండగట్టిన ఏడాది అది. ఆ ధైర్యంతో ఆగస్టు ప్లీనంలో (పార్టీ కేంద్ర కమిటీ సమావేశంలో) ఛే చాంగ్ ఇక్, పాక్ చాంగ్ ఓక్ బృందం కిమ్ ఇల్ సంగ్‌ను నిలదీయబోయింది. కిమ్ ముందే జాగ్రత్తపడి సభ్యుల్ని కూడగట్టుకున్నాడు. లేచి మాట్లాడినవాళ్లను అరుపులతో ముంచెత్తారు, కొందరు చైనాకు పారిపోయారు. సెప్టెంబర్‌లో మాస్కో నుంచి సోవియట్ నేత మికోయాన్, బీజింగ్ నుంచి చైనా నేత పెంగ్ దెహువాయ్ స్వయంగా దిగి, పార్టీలోంచి తీసేసినవాళ్లను తిరిగి చేర్పించారు. చాలా నోట్సులు ఇక్కడే ఆగిపోతాయి, కిమ్ ఓడిపోయాడేమో అనిపించేలా. అక్టోబర్‌లో హంగరీలో తిరుగుబాటు లేచింది, పెద్దన్నల చూపు అటు మళ్లింది, ఆ సర్దుబాటు కాగితం మీదే మిగిలింది. 1958 కల్లా కిమ్ టు బాంగ్‌తో సహా రెండో గడి ఖాళీ. కొరియా యుద్ధానికి వచ్చిన చైనా సైన్యం కూడా ఆ ఏడాదే వెళ్లిపోయింది.

నాలుగో గడి మిగిలిందని చార్టు చుట్టేయకండి. దాని పక్కన సన్నగా ఐదో గడి గీసి కాప్సాన్ వర్గం అని రాయండి. వాళ్లు ఒకప్పుడు ఈ గెరిల్లాలకు లోపలి నుంచి సాయం చేసినవాళ్లే. 1967లో వాళ్లనూ ఏరేశారు. చివరి నమోదు 1972 రాజ్యాంగం: కిమ్ ఇల్ సంగ్ దేశాధ్యక్షుడయ్యాడు. 1948 రాజ్యాంగంలో రాజధాని అని రాసుకున్నది సియోల్‌ను. దాని స్థానంలో ప్యాంగ్యాంగ్ అని అప్పుడే మార్చారు. మొదట సున్నా చుట్టిన పటం పక్కన ఆ తేదీ కూడా వేయండి.