విమాన దూరాన్ని, ప్రయాణ సమయాన్ని ఇంట్లోనే లెక్కగట్టుకోవడం

శంషాబాద్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం మధ్యాహ్నం 12:30కి దుబాయ్ చేరుతుందని టికెట్‌లో చూసి, ప్రయాణం రెండున్నర గంటలేనని అనుకునేవారు పాలమూరులో ఇప్పటికీ కనిపిస్తారు. టికెట్‌లో బయలుదేరే సమయాన్ని ఇక్కడి గడియారం ప్రకారం, చేరే సమయాన్ని అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. దుబాయ్ సమయం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కనుక ఆ గంటన్నరను కలిపితే అసలు ప్రయాణం 4 గంటలని తేలుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గంటన్నరను తీసివేయాలి; రాత్రి 10 గంటలకు అక్కడ ఎక్కి తెల్లవారుజామున 3 గంటలకు ఇక్కడ దిగితే, గడిచింది మూడున్నర గంటలే. ఒకే దూరానికి రానూపోనూ ఈ తేడా ఎందుకంటే, ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తూ వచ్చేటప్పుడు విమానాన్ని ముందుకు తోస్తుంది, పోయేటప్పుడు అడ్డుపడుతుంది.

దూరాన్ని తెలుసుకోవడానికి పిల్లల గ్లోబు, ఒక దారం చాలు. గోడ మీది పటం వద్దు, ఎందుకంటే గుండ్రటి భూమిని చదును చేసిన పటంలో దూరాలు సాగిపోతాయి. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు, భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. అంటే దారంలో ఒక్కో సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లకు సమానం. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దారాన్ని బిగించి పట్టుకుంటే సుమారు 6 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 2,550 కిలోమీటర్లు.

ఈ దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, విమానం రన్‌వే దాకా నేల మీద కదలడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి మరో 35 నిమిషాలు కలపాలి. దుబాయ్‌కి 3 గంటల 45 నిమిషాలు వస్తుంది. టికెట్ లెక్కలో వచ్చిన 4 గంటలకు తగ్గిన ఆ పావుగంట ఎదురుగాలి వల్ల పట్టేది. ఢిల్లీకి సుమారు 1,265 కిలోమీటర్లు కనుక 2 గంటల 10 నిమిషాలు. తిరుపతికి గాలిలో 420 కిలోమీటర్లే అయినా గంటకు పైగా పడుతుంది, ఎందుకంటే అందులో సగం సమయం ఎక్కడం, దిగడంలోనే పోతుంది. పైగా తిరుపతికి దక్షిణంగా పోవలసిన మహబూబ్‌నగర్ వాసి ముందు ఉత్తరంగా శంషాబాద్‌కు రావాలి, కాబట్టి కర్నూలు మీదుగా రైలో బస్సో ఎక్కడమే ఒక్కోసారి నయం.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది తేదీ దగ్గర. టికెట్‌లో 15వ తేదీ 03:30 అని ఉంటే అది 14వ తేదీ రాత్రి ప్రయాణమే. విదేశీ విమానానికి మూడు గంటల ముందు చేరాలి కనుక అర్ధరాత్రి 12:30కి విమానాశ్రయంలో ఉండాలి. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా రోడ్డుపై పట్టే సమయాన్ని, టోల్ దగ్గర ఆగే సమయాన్ని కూడా చూసుకుంటే, మహబూబ్‌నగర్‌లో 14వ తేదీ రాత్రి 10 గంటలకే కారు కదలాలి.