టాంపన్ లోపలికి వెళ్లట్లేదా, లీకవుతోందా? కారణాలు, సరిచేసుకునే పద్ధతులు

నేను చదువు కోసం టెక్సస్ వచ్చిన రెండో నెలలో, ఇంటి నుంచి తెచ్చుకున్న ప్యాడ్లు అయిపోయే సమయానికి, అందరూ కలిసి లేక్‌కి వెళ్దామన్నారు. నాకు సరిగ్గా అప్పుడే డేట్ వచ్చింది. స్టోర్‌లో చిన్నగా, ముద్దుగా ఉన్నాయని కాంపాక్ట్ టాంపన్లు కొనుక్కొచ్చాను. టాంపన్ అంటే యోని లోపల పెట్టుకుంటే రక్తాన్ని పీల్చుకునే దూది చుట్ట, తీయడానికి దానికో దారం ఉంటుంది. బాత్రూంలో అరగంట కూర్చున్నా ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. మూడు పాడయ్యాయి, చేతులు వణుకుతున్నాయి, నా శరీరంలోనే ఏదో లోపం ఉందని ఏడుపొచ్చింది. తలుపు అవతలి నుంచి నల్గొండ నుంచి వచ్చిన నా రూమ్మేట్ అడిగింది: "వెనక గొట్టం బయటికి గుంజినవానే? టిక్కుమని సప్పుడు రావాలె."

నేను గుంజలేదు. లోపం నాలో లేదు. అప్పటి నుంచి చాలామంది చెల్లెళ్లకు ఇదే చెప్తున్నాను: టాంపన్‌తో ఇబ్బంది వస్తే ముందు టాంపన్‌ని చూడండి, బయటికి తీసినదాన్ని కూడా చూడండి. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

సమస్య: నొక్కుతున్నా టాంపన్ గొట్టంలోంచి రావట్లేదు

టాంపన్‌ని లోపలికి నెట్టే సాధనమే అప్లికేటర్. మామూలు అప్లికేటర్‌లో రెండు గొట్టాలు ఒకదాని వెనక ఒకటి పొడవుగా ఉంటాయి. కాంపాక్ట్ రకంలో వెనక గొట్టాన్ని ముందు గొట్టంలోకి జొనిపి పెడతారు. అందుకే జీన్స్ జేబులో పడుతుంది. పొట్టిగా చేసింది అప్లికేటర్‌నే, లోపలి దూది సైజు తగ్గదు. వెనక గొట్టాన్ని లాగకుండా నొక్కితే టాంపన్‌ని నెట్టడానికి దాని వెనక ఏమీ ఉండదు.

చేయాల్సింది ఇది. కవర్ విప్పాక, గీతలు గీతలుగా ఉన్న పట్టు దగ్గర ఒక చేత్తో పట్టుకుని, సన్న గొట్టాన్ని రెండో చేత్తో టిక్‌మనే వరకు వెనక్కి లాగండి. అంతకు మించి లాగితే ఊడి వస్తుంది. దారం బయటికి వేలాడుతోందో లేదో చూసుకోండి. పట్టు మీదున్న వేళ్లు ఒంటికి తగిలే వరకు పెద్ద గొట్టాన్ని లోపలికి పంపి, చూపుడు వేలితో సన్న గొట్టాన్ని పూర్తిగా నొక్కి, రెండు గొట్టాలనూ కలిపి బయటికి తీసేయండి.

మొదటిసారి వాడేవాళ్లు ఒక టాంపన్‌ని అరచేతిలోకి నొక్కి చూడండి. దూది ఎలా జారి వస్తుందో కళ్లారా చూస్తే సగం టెన్షన్ పోతుంది. ఒక టాంపన్ ఖర్చయినా పరవాలేదు.

సమస్య: సగం దాకా వెళ్లి ఆగిపోతోంది, మంట పుడుతోంది

ఎక్కువమందికి ఇది కోణం వల్లే. నిలబడినప్పుడు యోని నిట్టనిలువుగా పైకి ఉండదు, వెనక్కి, నడుము వైపు వాలి ఉంటుంది. నేరుగా పైకి నెడితే ముందు గోడకి తగిలి ఆగుతుంది. ఒక కాలు కమోడ్ మీద పెట్టి, లేదా మోకాళ్లు దూరంగా పెట్టి కూర్చుని, నడుము కింది భాగం వైపు గురిపెట్టండి. ఊపిరి నెమ్మదిగా వదులుతూ నెట్టండి. బిగబడితే కండరాలూ బిగుసుకుంటాయి.

రెండో కారణం పొడితనం. బ్లీడింగ్ బాగా ఉన్న రోజున, అన్నిటికంటే చిన్న సైజుతో మొదలుపెట్టండి. పీరియడ్స్ లేనప్పుడు ప్రాక్టీస్ చేయొద్దు.

రెండు మూడు నెలలు ఓపిగ్గా ప్రయత్నించినా గోడకి తగిలినట్టే ఆగిపోతుంటే గైనకాలజిస్టుకి చూపించుకోండి. కొందరికి కన్నెపొరలో అడ్డంగా ఒక పట్టీ లాంటిది ఉంటుంది. కొందరికి తెలియకుండానే అక్కడి కండరాలు బిగుసుకుపోతాయి. రెండిటికీ చికిత్స ఉంది.

కన్నెపొర మాట వచ్చింది కాబట్టి, అమ్మలు అడిగే ప్రశ్నకీ జవాబు చెప్పాలి. కన్నెపొర మూత లాంటిది కాదు. దానికి దారి ఉంది కాబట్టే నెలనెలా రక్తం బయటికి వస్తోంది. టాంపన్ వల్ల అది సాగవచ్చు, కొందరిలో కొంచెం చిరగవచ్చు కూడా. కన్యత్వానికీ దానికీ సంబంధం లేదు. ఆ పొరను చూసి ఎవరూ, డాక్టర్ కూడా, కన్యత్వం గురించి చెప్పలేరు. మా అమ్మకి ఈ మాట ఫోన్‌లో చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. విని, కాసేపు ఆగి, "మరి నొప్పి లేదుగా?" అని అడిగింది. అంతే.

సమస్య: నడుస్తుంటే గుచ్చుకుంటోంది

పైదాకా వెళ్లలేదు. స్పర్శ ఎక్కువగా ఉండేది ప్రవేశద్వారం దగ్గరే, పైన ఉంటే అసలు తెలియదు. శుభ్రమైన వేలితో ఇంకాస్త పైకి నెట్టండి, కుదరకపోతే తీసేసి కొత్తది పెట్టుకోండి.

సమస్య: లీకవుతోంది

తీసిన టాంపన్‌ని పారేసే ముందు ఒక్క క్షణం చూడండి. దూది మొత్తం ఎర్రగా తడిసిపోయి ఉంటే సైజు చాలలేదు. ఒక పక్కే తడిసి మిగతాది తెల్లగా ఉన్నా, దారం మాత్రమే తడిసినా, సైజుతో సంబంధం లేదు. కిందకి పెట్టారు, లేదా పక్కకి వాలింది. ఇలాంటప్పుడు పెద్ద సైజు కొంటే లీక్ ఆగదు, పైగా తీసేటప్పుడు నొప్పి.

అమెరికాలో ఏ కంపెనీ డబ్బా మీదైనా ఈ మాటలకి ఒకే కొలత: లైట్ అంటే 6 గ్రాముల లోపు పీల్చుకునేది, రెగ్యులర్ 6 నుంచి 9, సూపర్ 9 నుంచి 12, సూపర్ ప్లస్ 12 నుంచి 15 గ్రాములు. మొదటి రెండు రోజులకి సూపర్, తర్వాత రెగ్యులర్, చివర్లో లైట్ అన్నట్టు రోజును బట్టి మార్చుకోండి. కలిపి అమ్మే డబ్బాలుంటాయి, కొత్తవాళ్లకి అవే మేలు.

సూపర్ కూడా గంటకొకటి చొప్పున వరసగా నిండిపోతున్నా, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటి బ్లీడింగ్ ఆగకపోయినా ఇక సైజులు మార్చుకుంటూ కూర్చోకండి. ఫైబ్రాయిడ్లు, థైరాయిడ్ లాంటివి ఉండవచ్చు, రక్తహీనత వచ్చేస్తుంది. "మా ఇంట్లో అందరికీ అంతే" అని మనవాళ్లు ఏళ్లకి ఏళ్లు భరిస్తారు. దయచేసి పరీక్షలు చేయించుకోండి.

సమస్య: తీసేటప్పుడు పట్టేసినట్టు నొప్పి

దూది ఇంకా పొడిగా ఉంది. ఈసారి ఒక సైజు తగ్గించండి. చివరి రోజుల్లో చిన్న ప్యాడ్ చాలు.

సమస్య: దారం కనిపించట్లేదు

కంగారు వద్దు. గర్భాశయ ముఖద్వారం చాలా సన్నం, టాంపన్ దాన్ని దాటి పైకి పోలేదు. చేతులు కడుక్కుని, మన పాత బాత్రూంలో కూర్చున్నట్టు గొంతుక్కూర్చుని, కిందికి ముక్కుతూ రెండు వేళ్లతో వెతకండి. పట్టకారు లాంటివి వాడొద్దు. దొరక్కపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాళ్లకి ఇది కొత్త కాదు, నిమిషాల్లో తీసేస్తారు. రోజుల తర్వాత కుళ్లు వాసన వస్తుంటే, లోపల ఒకటి మర్చిపోయారేమో గుర్తు చేసుకోండి.

సమస్య: టాంపన్ ఉండగా జ్వరం

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. ఉన్నట్టుండి ఎక్కువ జ్వరం, వాంతులు, విరేచనాలు, కళ్లు తిరగడం, ఎండకి కమిలినట్టు ఒంటి మీద ఎరుపు వస్తే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ కావచ్చు. స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా వదిలే విషం దీనికి కారణం. 1980లో అమెరికాలో ఈ కేసులు బయటపడ్డాక రిలై అనే బాగా పీల్చుకునే టాంపన్‌ని మార్కెట్ నుంచి తీసేశారు. ఇప్పుడు చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. వెంటనే టాంపన్ తీసేసి ఎమర్జెన్సీకి వెళ్లండి, టాంపన్ వాడానని అక్కడ చెప్పండి.

రాకుండా ఉండాలంటే సరిపోయే వాటిలో చిన్న సైజే వాడండి, 4 నుంచి 8 గంటల్లో మార్చండి. ఎనిమిది గంటలు మించి నిద్రపోయేవాళ్లు రాత్రికి ప్యాడ్ పెట్టుకోండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

ఇవేవీ నాకు పడట్లేదంటే

టాంపన్ వాడి తీరాలని ఎక్కడా లేదు. కాన్పయ్యాక ఆరు వారాల చెకప్‌లో డాక్టర్ సరేననే వరకు ప్యాడ్లే వాడాలి. ప్యాడ్‌తో తొడలు ఒరుసుకుపోతుంటే పైపొర కాటన్ ఉన్నది తీసుకుని, తడిసినా తడవకపోయినా నాలుగైదు గంటలకి మార్చండి. ఇండియాలో జన ఔషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్ ఒక్కోటి 1 రూపాయికే దొరుకుతుంది.

మెన్‌స్ట్రువల్ కప్ (లోపల పెట్టుకుంటే రక్తాన్ని పట్టుకునే మెత్తటి చిన్న గిన్నె) అయితే 12 గంటల వరకు ఉంచుకోవచ్చు, జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి వస్తుంది. తీసేటప్పుడు కాడ పట్టుకుని లాగకుండా, అడుగున నొక్కి గాలి పట్టు వదిలించాకే తీయండి. కాపర్ టీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి, కప్‌తో పాటు అదీ జారి వచ్చే ప్రమాదం ఉంది.

సెలవులకి ఇంటికి వెళ్తుంటే మీకు అలవాటైన కాంపాక్ట్ డబ్బా ఒకటి సూట్‌కేసులో పెట్టుకోండి. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి అప్లికేటర్ లేనివి, వేలితో నెట్టేవి. అవీ మంచివే. ఈ రకంలో పేరున్న ఓ.బి.ని రూపొందించింది యుడిట్ ఎస్సర్-మిట్టాగ్ అనే జర్మన్ గైనకాలజిస్టు. ఓ.బి. అంటే జర్మన్‌లో "ప్యాడ్ లేకుండా" అని. వేలు శుభ్రంగా ఉంటే చాలు, కోణం పైన చెప్పిందే.

వాడినవి కమోడ్‌లో వేయొద్దు, పైపు పూడుకుపోతుంది. కాగితంలో గట్టిగా చుట్టి, పైన పెన్నుతో ఒక ఎర్ర చుక్క పెట్టి చెత్తబుట్టలో వేయండి. మన ఊళ్లలో ఆ చెత్తను విడదీసే ఆవిడ చాలాసార్లు వట్టి చేతులతోనే తీస్తుంది. చుక్క చూస్తే విప్పకుండా పక్కన పెట్టేస్తుంది.